కొలను ఎవరిది?

వేసవి మధ్యాహ్నం పురపాలక సంఘం కార్యాలయంలో పని నత్తనడక నడుస్తుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గాని, దాని గాలి మనుషులకంటే కాగితాలకే ఎక్కువ తగులుతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం పార్కుల విభాగం గదిలోకి టీ అక్క గ్లాసుల బుట్టతో వచ్చింది. ఆఫీసు మెట్ల పక్కనే ఆమె కొట్టు. కమిషనరు మొదలు కాపలావాడి దాకా ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఆమె టీ అక్కే.

ఆ గదిలో పెద్ద కుర్చీలో కూర్చునే మనిషిని ఊళ్ళో 'పార్కాయన' అంటారు. ఊళ్ళోని పార్కులూ, ఆటస్థలాలూ, వాటిలోని ఉయ్యాలలూ బల్లలూ అన్నీ ఆయన చూసుకోవలసినవే. టీ అక్క గ్లాసు ఆయన ముందు పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"సార్, ఒక్క మాట. ఈతకొలను ఈ ఏడాదైనా తెరుస్తారా?"

పార్కాయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఈ ప్రశ్న ఆయనకు కొత్త కాదు.

"అది మా చేతుల్లో లేదక్కా. స్థలం మాదే, నీళ్ళ కనెక్షనూ మాదే. కానీ కొలను కట్టించింది రాష్ట్రం వాళ్ళ క్రీడల శాఖ. ఈత నేర్పేవాళ్ళనీ, గట్టు మీద కాపలా ఉండేవాళ్ళనీ పంపాల్సింది వాళ్ళే. వాళ్ళు మనుషుల్ని పంపనిదే మేం నీళ్ళు నింపకూడదు."

"మరి వాళ్ళెందుకు పంపరు?"

"నీళ్ళు శుభ్రం చేసే మెషీను ఆగిపోయింది. అది కేంద్రం వాళ్ళిచ్చింది. అది బాగైతేగాని మనుషుల్ని పంపేది లేదంటారు."

"కేంద్రం వాళ్ళు బాగుచెయ్యరా?"

"నడుస్తున్న కొలనుల్లో మెషీన్లే బాగుచేస్తారట. మనది నడవడం లేదు కదా."

టీ అక్క ఆ మాటను ఇటూ అటూ తిప్పి చూసుకుంది. ఎటు తిప్పినా కొస దొరకలేదు.

"అదంతా నాకర్థం కాదు గానీ సార్, పిల్లలు క్వారీ గుంటకు పోతున్నారు. మా గడుగ్గాయి ఉంది చూశారూ, కాళ్ళు విరగ్గొడతానన్నా ఆగదు. ఎండ అట్లా ఉంది మరి."

"అక్కడ దిగకూడదని గట్టిగా చెప్పాలి. తల్లిదండ్రులం మనమే కదా జాగ్రత్తగా ఉండాల్సింది."

"అలాగే సార్," అంది టీ అక్క. ఖాళీ గ్లాసులు బుట్టలో సర్దుకుని వెళ్ళిపోయింది.

పాఠకులు పార్కాయనను తప్పుగా అనుకోకూడదు. ఆయన పని ఎగ్గొట్టే మనిషి కాదు. ఏ పార్కులో ఏ బల్ల కోడు ఊగుతోందో ఆయనకు తెలుసు. ఎవరొచ్చి ఏమడిగినా విసుక్కోకుండా, కుర్చీ చూపించి మరీ సమాధానం చెప్పేవాడు. కొలను గురించి ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమే. రెండు వేసవుల పాటు అదే నిజాన్ని, అంతే మర్యాదగా, అడిగినవాళ్ళందరికీ చెప్పి పంపించాడు. అడిగినవాళ్ళు మర్యాదగానే వెళ్ళిపోయారు. కొలను గేటుకు వేసిన తాళం మాత్రం తుప్పు పట్టింది.

ఆయనకు ఒక్కతే కూతురు. కొలను నడిచిన రోజుల్లో సాయంత్రమయ్యేసరికి తండ్రి చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళేది. ఒకసారి దిగిందంటే పెదవులు నీలంగా మారినా బయటికి వచ్చేది కాదు. అందుకే తల్లి ఆమెకు 'చేపపిల్ల' అని పేరు పెట్టింది. కొలను మూసేశాక చేపపిల్ల కొన్నాళ్ళు గునిసింది, కొన్నాళ్ళు అలిగింది, తర్వాత అడగడం మానేసింది. పిల్లలు అడగడం మానేశారంటే మరిచిపోయారనుకుంటాం. అది మన పొరపాటు.

ఆ వారంలోనే ఆ కబురు వచ్చింది.

చేపపిల్ల తల్లి మందుల షాపులో పనిచేస్తుంది. సెలవుల్లో పిల్లకు తోడుగా ఉండేది నానమ్మ. నానమ్మ భోజనం చేసి నడుం వాల్చే వేళకు చేపపిల్ల తలుపు చప్పుడు కాకుండా తీసుకుని వీధిలో పడేది. వీధి చివర టీ అక్క కూతురు గడుగ్గాయి ఎదురుచూస్తూ ఉండేది. ఒకే బడి, ఒకే తరగతి. ఇద్దరూ కలిసి క్వారీకి పోవడం ఎన్నాళ్ళుగా సాగుతోందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

రాయి తీసి వదిలేసిన గుంట అది. పైకి నీళ్ళు ఆకుపచ్చగా, చల్లగా, ఎంతో అందంగా కనిపిస్తాయి. అంచున మోకాలి లోతు. అడుగు ముందుకు వేస్తే రాయి తెగిపోయి, కింద నేలే ఉండదు. ఆ రోజు గడుగ్గాయి కాలు జారింది ఆ అంచు మీదనే. చేపపిల్లకు ఈత వచ్చు. కానీ మునిగిపోతున్న మనిషిని పట్టుకోవడం ఈత కాదు. గడుగ్గాయి భయంతో ఆమె మెడను కరుచుకుంది. ఇద్దరూ కలిసి కిందికి పోయారు.

ఆ గట్టున ఒకావిడ లాడ్జీ దుప్పట్లు ఉతుకుతోంది. ఆమెకు ఈత రాదు. అయినా ఒక్క క్షణం ఆలోచించకుండా తడి దుప్పట్లను ముడేసి, ఒక కొస రాయికి చుట్టి, రెండో కొస విసిరింది. ఒకసారి అందలేదు. రెండోసారి అందలేదు. గొంతు చించుకుని అరుస్తూ మళ్ళీ విసిరింది. ఈసారి చేపపిల్ల వేళ్ళకు గుడ్డ తగిలింది. అరుపులు విని రాళ్ళ లారీ డ్రైవరు పరుగెత్తుకొచ్చి దుప్పటి లాగాడు.

ఫోను వచ్చేసరికి పార్కాయన ఒక పార్కు బల్లలకు రంగు ఎంచుతున్నాడు. "మీ పాప... ఆసుపత్రిలో..." అన్న రెండు ముక్కలే ఆయన చెవిన పడ్డాయి. ఆఫీసు మెట్లు ఎలా దిగాడో తెలియదు. మెట్ల పక్కన టీ అక్క కొట్టు తెరిచే ఉంది. స్టవ్ మీద పాలు పొంగి పోతున్నాయి. ఆమె లేదు.

ఆసుపత్రి గదిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరు పిల్లలూ కూర్చుని ఉన్నారు. అవును, కూర్చునే ఉన్నారు. చేపపిల్ల దగ్గుతోంది. గడుగ్గాయి ముక్కు తుడుచుకుంటోంది. పార్కాయనకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కూతురి తల మీద చెయ్యి వేశాడు. వేలికి ఇసుక తగిలింది. ఆ ఇసుకను అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఊపిరితిత్తుల్లోకి పెద్దగా నీళ్ళు పోలేదు," అంది డాక్టరు. "రాత్రికి ఇక్కడే ఉంచండి. పొద్దున్నే ఇంటికి తీసుకెళ్ళొచ్చు. అదృష్టవంతులు మీరు."

నానమ్మ మూలన కూర్చుని "నా కళ్ళు మూతలు పడ్డాయిరా, నాదే తప్పు" అని తలకొట్టుకుంటోంది. కోడలు ఆమె చేతులు పట్టుకుని ఆపుతోంది.

"మీ తప్పేముందత్తయ్యా! నేను ఇంట్లో ఉన్నా ఇదే జరిగేది."

"ఎందుకెళ్ళావమ్మా అక్కడికి?" అని పార్కాయన కూతుర్ని అడిగాడు. గొంతులో కోపం లేదు.

"కొలను తెరవలేదు కదా నాన్నా," అంది చేపపిల్ల. అందులో నిష్ఠూరం లేదు. ఎండగా ఉంది కాబట్టి చెప్పులు వేసుకున్నానన్నంత మామూలుగా చెప్పింది.

పక్క మంచం దగ్గర టీ అక్క కూతురి జుట్టు ఆరబెడుతోంది. ఆమె మొన్ననే వచ్చి చెప్పింది. వచ్చి, నిలబడి, కళ్ళలోకి చూసి మరీ చెప్పింది. ఇప్పుడు ఆమె ఏమన్నా పడటానికి సిద్ధపడి ఆయన ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పావక్కా. నేను వినలేదు."

టీ అక్క తువ్వాలు పిండుతూ అంది: "విన్నారు సార్. విని, మాది కాదన్నారు. మీ ఒక్కరినే అనడానికేముంది, అందరూ అదే అంటారు. ఇప్పుడు పిల్లలిద్దరూ కళ్ళముందున్నారు, నాకంతే చాలు. కాకపోతే ఒక్కసారి మీరే వెళ్ళి అడిగి రండి. మాలాంటోళ్ళు అడిగితే కుర్చీ కూడా వెయ్యరు."

మరుసటి రోజు పిల్లను ఇంటికి చేర్చి, పార్కాయన సెలవు పెట్టి బస్సెక్కాడు.

రాష్ట్ర క్రీడల శాఖ కార్యాలయం పెద్ద ఊళ్ళో ఉంది. అక్కడి అధికారి ఒకప్పుడు వాలీబాల్ ఆడినవాడు. తలుపులో నుంచి వంగి లోపలికి రావలసినంత పొడుగు. ఆయన పార్కాయనను సాదరంగా కూర్చోబెట్టి, చెప్పిందంతా ఓపికగా విన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ బాధ నాకర్థమైందండీ. కానీ అది మా చేతుల్లో లేదు. నీళ్ళు శుభ్రంగా లేని కొలనులోకి మా మనుషుల్ని దింపలేం. మెషీను సంగతి కేంద్రం వాళ్ళది. నీళ్ళ సంగతి మీది. మాది కాదండీ."

పార్కాయనకు అద్దంలో తనను తాను చూసుకున్నట్టయింది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. రెండు వేసవులుగా తన ముందు నిలబడి "అలాగే సార్" అని వెళ్ళిపోయిన ముఖాలన్నీ వరసగా కళ్ళముందు కదిలాయి.

"సార్, నేను కూడా ఇదే చెప్పేవాణ్ణి," అన్నాడు. "ఇదే మాట, ఇంతే మర్యాదగా. నేను వాదించడానికి రాలేదు. మీరు కరెక్టే, నేనూ కరెక్టే. మనిద్దరం కరెక్టుగా ఉండగానే నా కూతురు క్వారీలో మునిగింది. ఇప్పుడు చెప్పండి, మనం ఏం చెయ్యొచ్చు?"

పొడుగాయన కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీ వైపు చూస్తూ చేతిలోని పెన్నును తిప్పుతూ కూర్చున్నాడు.

"నేను ఆట నేర్చుకున్నది ఎక్కడనుకుంటున్నారు? మీ ఊరిలాంటి ఒక ఊరి మైదానంలో," అన్నాడు చివరికి. "దానికి టికెట్టు లేదు, తాళం లేదు. మా నాన్న రిక్షా తొక్కేవాడు. ఆ మైదానమే లేకపోతే నేనిప్పుడు ఇక్కడ కూర్చుని మీకు మాది కాదని చెప్పేవాణ్ణే కాదు." పెన్ను బల్ల మీద పెట్టాడు. "మెషీను ఫలానా రోజుకి నడుస్తుందని ఎవరైనా నాకు చెబితే, ఆ రోజుకి మనుషులుంటారు. నా మాట. ముందు మెషీను బాగవ్వాలని పట్టుబట్టను. వెళ్ళి కేంద్రం వాళ్ళనడగండి. దూరం కాదు, రోడ్డుకి అవతలే."

నిజంగానే రోడ్డుకు అవతలే. కేంద్రం వాళ్ళ ఆఫీసులో మెషీన్ల బాధ్యత చూసేది ఒక ఇంజనీరమ్మ. చిన్న వయసు, చురుకైన మనిషి. పార్కాయన చెప్పింది విని బల్ల మీదికి ముందుకు వంగింది.

"నడిచే కొలనుకే మరమ్మతు చెయ్యాలన్నది నిజమే. లేకపోతే ఎవరూ వాడని చోట మెషీన్లు పెట్టి వదిలేస్తారని ఆ రూలు పెట్టారు. కానీ ఫలానా తేదీకి తెరుస్తామని మీ సంఘమూ రాష్ట్రమూ మాటిస్తే, దాన్ని నడిచే కొలను కిందే లెక్కెయ్యొచ్చు."

"అలా వీలుందా?"

"ఎప్పుడూ వీలుంది."

"మరి ఇన్నాళ్ళూ..."

"ఎవరూ అడగలేదండీ," అంది ఇంజనీరమ్మ. "మీ దగ్గర్నుంచి 'మెషీను ఆగింది' అని కబురొచ్చింది. మేం 'కొలను నడుస్తోందా' అని అడిగాం. 'లేదు' అన్నారు. అంతటితో ఆగిపోయింది."

అవతలి ఆఫీసు పొడుగాయన ఇచ్చిన మాట సంగతి చెబితే ఆమె నోరు తెరిచింది.

"ఆ పొడుగాయనా? రోజూ క్యాంటీన్లో నా వెనకే లైన్లో నిలబడతారు! ఆయన క్రీడల శాఖ అని నాకు తెలియనే తెలియదు."

రాష్ట్రమూ కేంద్రమూ ఒకే క్యాంటీన్లో, ఒకే లైన్లో, రోజూ కలిసే భోజనం చేస్తున్నాయి. ఒకరినొకరు పలకరించుకోలేదు, అంతే. తిరుగు బస్సులో కూర్చుని ఆ సంగతి తలచుకుంటే పార్కాయనకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

ఇక మిగిలింది సొంత ఆఫీసు. అన్నిటికంటే కష్టమైన మెట్టు అదేనని ఆయన ఊహించలేదు.

పురపాలక సంఘం అధ్యక్షురాలు ఒకప్పటి హెడ్‌మిస్ట్రెస్. పదవిలోకి వచ్చాక కూడా ఊరంతా ఆమెను టీచరమ్మనే పిలుస్తుంది. ఊళ్ళో సగం మంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే, పార్కాయనతో సహా. ఆమె ముందు నిలబడితే ఆయనకు ఇప్పటికీ చేతులు వాటంతట అవే కట్టుకుంటాయి.

"తేదీ మనం చెప్పాలమ్మా," అన్నాడు. "రాష్ట్రం వాళ్ళ మనుషులు రాకముందే మనం నీళ్ళు నింపి ఉంచాలి. అప్పుడే మెషీను బిగించి చూస్తారు. ఆ నాలుగు రోజులూ గేటుకి మనమే కాపలా పెట్టాలి."

టీచరమ్మ చాలాసేపు నీళ్ళు నమిలింది. అది ఆమె అలవాటు కాదు.

"నీ దగ్గర దాపరికమెందుకు," అంది చివరికి. "నాకు భయంరా. కొలనులో ఏదన్నా జరిగితే రేపు అందరూ మన మీదికే వస్తారు. ఎవరు నింపారు, ఎవరు తెరిచారు అంటారు. క్వారీలో జరిగితే ఎవరి మీదికీ రారు. మూసి ఉంచితే మనం క్షేమం."

"మనం క్షేమమేనమ్మా," అన్నాడు పార్కాయన. "పోయేది మాత్రం పిల్లలే."

ఆ మాట అనేశాక, టీచరమ్మను అంత మాట అన్నానా అని ఆయనే ఉలిక్కిపడ్డాడు. టీచరమ్మకు కోపం రాలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడి నుంచి చూస్తే కొలను ప్రహరీ గోడా, గోడ మీదుగా నీళ్ళలోకి దూకడానికి కట్టిన ఎత్తు మెట్లూ కనిపిస్తాయి.

"మీ పాప ఎలా ఉంది?"

"ఒంట్లో బాగానే ఉందమ్మా. బకెట్లో నీళ్ళు చూసినా భయపడుతోంది."

"అందర్నీ ఇక్కడికే పిలిపించు," అంది టీచరమ్మ. "ఆఫీసుల్లో కాదు. కొలను దగ్గరికే."

అలా ఒక ఉదయం మూడు ప్రభుత్వాల మనుషులూ మొదటిసారి ఒక్కచోట కలిశారు. అడుగున ఉన్న నీళ్ళు పోయే గొట్టం చూడాలని ఇంజనీరమ్మ ఖాళీ కొలనులోకి దిగింది. ఆమె వెనక పార్కాయన, ఆయన వెనక పొడుగాయన, ఆఖరికి ఊడవడానికి వచ్చిన మనిషి చెయ్యి ఆసరాగా టీచరమ్మా దిగారు. లోతు వైపు గోడ నీడ చల్లగా ఉంది. ఎండుటాకులు కాళ్ళకింద గలగలలాడాయి. ఎవరో గోడ మీద బొగ్గుతో వికెట్లు గీశారు. అక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. గొట్టం పరవాలేదు. మెషీనులో పాడైన భాగాన్ని తానే తెప్పిస్తానంది ఇంజనీరమ్మ. గోడ పగుళ్ళు రాష్ట్రం పూడుస్తుందన్నాడు పొడుగాయన. నీళ్ళూ, గేటు కాపలా ఊరివంది టీచరమ్మ. ఇన్నాళ్ళ చిక్కుముడి ఒక పూటలో విడిపోయింది.

టీ అక్క గట్టు మీద నుంచి గ్లాసులు అందిస్తూ అంతా వింటోంది.

"నేనొకటి అడగొచ్చా?" అంది. "గట్టు మీద కాపలాకి ఎవరొస్తారు, మగవాళ్ళేనా? అట్లయితే మా వీధిలో సగం మంది ఆడపిల్లల్ని పంపరు. వాళ్ళు మళ్ళీ చాటుగా క్వారీకే పోతారు."

పొడుగాయన తల గోక్కున్నాడు. "మా దగ్గర ఈత నేర్పే ఆడవాళ్ళు..." అని ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది. "ఒకమ్మాయి ఉంది. ఆమెను తీసుకున్నదే ఈత నేర్పడానికి. కొలనులు మూతపడ్డాక వేరే పని లేక, ఆఫీసులో టైపు కొట్టిస్తున్నాం."

"ఏం టైపు కొడుతుంది?" అని అడిగింది టీచరమ్మ.

"కొలను ఎప్పుడు తెరుస్తారని అడిగేవాళ్ళకి సమాధానాలు," అన్నాడు పొడుగాయన నేల చూపులు చూస్తూ.

అందరికంటే ముందు టీ అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు ఖాళీ కొలనులో గోడ నుంచి గోడకు ఎగిరింది. పొడుగాయనా నవ్వక తప్పలేదు.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. మెషీను భాగం ఒకసారి తప్పుది వచ్చింది. మొదటి రాత్రి నింపిన నీళ్ళు తెల్లారేసరికి జానెడు తగ్గాయి. పగులొకటి మళ్ళీ పూడ్చవలసి వచ్చింది. కాకపోతే ఇప్పుడు తేడా ఒక్కటే. ఏది ఆగినా ముగ్గురూ ఫోన్లు చేసుకుంటున్నారు. "మాది కాదు" అనే మాట నోటిదాకా వచ్చినా, అవతలి మనిషి ముఖం గుర్తొచ్చి లోపలికి పోతోంది. క్వారీ చుట్టూ కంచె కూడా ఈ గొడవలోనే పడింది. దుప్పట్లు ఉతికే ఆవిడకు ఊరి పంపు దగ్గర చప్టా కట్టించి ఇచ్చారు.

తెరిచే రోజు పిల్లలు తెల్లవారకముందే గేటు దగ్గర మూగారు. గేటు తీయగానే చెప్పులు ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తారు. గడుగ్గాయికి భయమన్నదే లేదు. లోతులేని వైపు అందరికంటే ముందు దూకింది. టైపు మిషను వదిలి వచ్చిన శిక్షకురాలు మెడలో ఈలతో, ఒక్కొక్కరినీ కళ్ళతోనే లెక్కపెట్టుకుంటూ గట్టు మీద తిరుగుతోంది. ఆమె ముఖంలో ఆ పిల్లలకంటే ఎక్కువ సంబరం ఉంది.

చేపపిల్ల మాత్రం తల్లి కొంగు వదల్లేదు. నీళ్ళ వైపు చూస్తే చాలు, మెడ దగ్గర చెయ్యి పెట్టుకుంటోంది.

"ఇంటికెళ్ళిపోదాం నాన్నా."

"వెళ్దాంలేమ్మా," అన్నాడు పార్కాయన. తెరవడానికి ఇంత తిరిగాడు. తన కూతురికే ఆలస్యమైపోయింది.

శిక్షకురాలు అది గమనించింది. దగ్గరికి వచ్చి, నీళ్ళలోకి రమ్మని పిలవలేదు. మొదటి మెట్టు మీద కూర్చుని తన కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది.

"నీకు ఈత వచ్చట కదా! నీ స్నేహితురాల్ని వదల్లేదట."

చేపపిల్ల తలూపింది.

"పట్టుకున్నవాళ్ళని ఎలా విడిపించుకోవాలో, ఎలా బయటికి లాగాలో నాకు తెలుసు. అది వేరే విద్య. ఎప్పుడు నేర్చుకోవాలనిపిస్తే అప్పుడు చెప్పు. తొందరేం లేదు, కొలను ఎక్కడికీ పోదు."

చాలాసేపటికి చేపపిల్ల తల్లి కొంగు వదిలి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఒక కాలు నీళ్ళలో పెట్టింది. తీసేసింది. మళ్ళీ పెట్టింది. ఈసారి తీయలేదు. కాసేపటికి రెండో కాలూ పెట్టి, వేళ్ళు కదిపి చూసుకుంది. తల్లి ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

అంతలో మాట్లాడమని అందరూ టీచరమ్మను బలవంతపెట్టారు. ఆమెకు మైకు అక్కర్లేదు. ఊళ్ళో సగం మందిని బల్లల మీద కూర్చోబెట్టిన గొంతు అది.

"నేను బడిలో మూడు ప్రభుత్వాల పాఠం చెప్పేదాన్ని," అంది. "ఇది ఊరి పని, ఇది రాష్ట్రం పని, ఇది కేంద్రం పని అని నల్లబల్ల మీద గీతలు గీసేదాన్ని. మీరంతా బట్టీపట్టి అప్పజెప్పేవాళ్ళు. ఆ గీతల మధ్య సందు ఉంటే అందులో పడేది పిల్లలేనని నాకు అప్పుడు తెలియదు. ఈ మధ్యే తెలిసింది. పిల్లలు ఆడుకోవడం, పెద్దలు పార్కులో నాలుగడుగులు వెయ్యడం... ఇవి మేం దయతలచి ఇచ్చేవి కావు. మంచినీళ్ళలాగే ఇవీ మీకు అందాలి. అందకపోతే అడగండి. మాది కాదంటే, మరి ఎవరిదో కనుక్కుని చెప్పమని మా ముందే కూర్చోండి. ఇక మా సంగతి చెబుతాను. పని ముగ్గురం పంచుకోవచ్చు, తప్పు లేదు. ఆ పిల్లల పూచీ మాత్రం వాటాలు వేసుకునేది కాదు; అది మా ముగ్గురిలో ప్రతి ఒక్కరిదీ, పూర్తిగా."